రెసిడెంట్ ఈవిల్ 2 రీమేక్, లియాన్ రన్: నోట్‌బుక్‌లో రాసుకున్న రాత్రుల లెక్క

ముందే చెప్తున్నా, కథ మొత్తం ఇందులో ఉంది, ఇంకా ఆడనివాళ్లు ఆడాకే చదవండి. గేమ్ వచ్చింది 2019 జనవరి 25న, నేను ఇప్పుడు మొదలుపెట్టా. ఒరిజినల్ 1998లో ప్లేస్టేషన్‌కి రెండు డిస్కులుగా వచ్చింది, మనం ఆడే రెండు పాత్రల్లో ఒకటి లియాన్‌ది ఒకటి క్లెయిర్‌ది, అప్పట్లో కెమెరా ప్రతి గదిలో ఒక మూల నుంచి కదలకుండా చూస్తుండేది, ఇప్పుడు లియాన్ భుజం వెనకాల నుంచి చూస్తాం, మూల తిరిగితే ఏముందో మనకీ తెలీదు. కథ కూడా 1998 సెప్టెంబర్ ఆఖర్లోనే, అమెరికాలో రకూన్ సిటీ అనే కల్పిత ఊళ్లో. అంబ్రెల్లా అనే మందుల కంపెనీ చేసిన వైరస్ ఊరంతా పాకేసి జనాన్ని జాంబీలుగా, అంటే లేచి తిరిగే శవాల్లా మార్చేసింది, లియాన్ కెనడీ ఆ ఊరి పోలీస్ స్టేషన్‌లో కొత్తగా చేరడానికి వస్తున్నాడు.

సెట్టింగ్: స్టాండర్డ్ డిఫికల్టీ, కంట్రోలర్, హెడ్‌ఫోన్స్, రాత్రి పది తర్వాతే. పక్కన మా చెల్లి. డిగ్రీ సెకండియర్, కంట్రోలర్ ముట్టుకోదు గానీ మ్యాప్ మొత్తం తనదే.

మొదటి రాత్రి, గంటా యాభై నిమిషాలు, నాలుగుసార్లు చచ్చిపోయా. పెట్రోల్ బంకులో మొదలవుతుంది, అక్కడ క్లెయిర్ కలుస్తుంది, ఊళ్లోకి రాగానే లారీ వచ్చి కారుని గుద్దేసి ఇద్దరినీ విడదీస్తుంది, అక్కణ్నుంచి పరుగే పరుగు. పోలీస్ స్టేషన్ తలుపు తోసి లోపలికి అడుగుపెట్టాక ఆ మెయిన్ హాల్ చూసి కాసేపు కంట్రోలర్ పక్కన పెట్టేశా. అది ఒకప్పుడు ఆర్ట్ మ్యూజియం, తర్వాత స్టేషన్‌గా మార్చారు, అందుకే మధ్యలో అంత పెద్ద దేవత విగ్రహం, అంత ఎత్తు కప్పు, ఎక్కడ చూసినా శిల్పాలు. ఈ ఒక్క బిల్డింగ్ కోసమే గేమ్ కొనొచ్చు, నిజంగా.

మొదటి తప్పు, కనిపించిన ప్రతి జాంబీని చంపడం. తూర్పు కారిడార్‌లో ఒక్కడికే ఏడు బుల్లెట్లు తలలో కొట్టా, పడిపోయాడు, పక్కనుంచి వెళ్తుంటే కాలు పట్టుకున్నాడు. ఇక్కడ తలకి ఇన్ని తగిలితే చస్తాడని లెక్క ఏం లేదు, ఒకడు మూడింటికి పోతాడు ఇంకోడు ఎనిమిది తిన్నా లేస్తాడు. ఆ రాత్రి ఆపేసరికి మిగిలినవి ఐదు బుల్లెట్లు.

రెండో రాత్రి అదే సేవ్ వదిలేసి మళ్లీ మొదట్నుంచి పెట్టా. ఈసారి రూల్ పెట్టుకున్నా, మళ్లీమళ్లీ తిరగాల్సిన దారిలో ఉన్నవాణ్నే చంపాలి, ఒక్కసారే వెళ్లే గదిలో వాడుంటే తప్పించుకుని పోవాలి. తప్పించుకోవడానికి మోకాలి మీద రెండు మూడు కొడితే చాలు, కూలబడతాడు. ఇంకోటి, గన్ ఎత్తి కదలకుండా నిలబడితే తెర మీద గురి చూపించే గుర్తు దగ్గరికి ముడుచుకుంటుంది, అది పూర్తిగా ముడుచుకున్నాక కొట్టిన బుల్లెట్ గట్టిగా తగులుతుంది. భయంతో వెనక్కి నడుస్తూ కొట్టేవన్నీ వేస్టే. ఈ ఒక్క విషయం అర్థమయ్యాక నా బుల్లెట్ల ఖర్చు సగానికి పడిపోయింది.

చెక్కలు దొరుకుతాయి, కిటికీలకి కొట్టడానికి. పడమటి వైపు కారిడార్‌కే ముందు వాడండి, ఆ దారిలో పదిసార్లు తిరుగుతాం. కత్తి మార్విన్ ఇస్తాడు. మార్విన్ బ్రానా, గాయపడిన లెఫ్టినెంట్, షట్టర్ కింద నుంచి లియాన్‌ని లాగి బతికించేది ఆయనే, హాల్లో సోఫా మీద కూర్చుని పొట్ట పట్టుకుని ఉంటాడు, నాతో పాటు పద అంటే రాడు, నీ ప్రాణం నువ్వు చూసుకో అన్నట్టు మాట్లాడతాడు. ఆ కత్తి కొద్దికొద్దిగా అరిగిపోయి విరిగిపోతుంది, కాబట్టి జాంబీ మీద పడి కరవబోయినప్పుడు పొడవడానికి దాచుకోండి, పొడిచాక కత్తి వాడి ఒంట్లోనే ఉండిపోతుంది, వాణ్ని పడేసి తీసుకోవాలి.

మూడో రాత్రి గురించి కొంచెం ఎక్కువ రాస్తా. వెస్ట్ ఆఫీస్ అని ఒక గది, అక్కడ లియాన్‌కి వెల్‌కమ్ బ్యానర్ కట్టి ఉంటుంది, పార్టీకి రెడీ చేసి పెట్టారు. వాడి కొత్త టేబుల్‌కి రెండు తాళాలు వేసి, పక్కన కాగితం పెట్టారు, అదే నీ మొదటి పని అని, ఇక్కడ కూర్చునే వాళ్ల పేర్లలో మొదటి అక్షరాలు కనుక్కుంటే తాళం తెరుచుకుంటుందని. అంటే కొత్తగా వచ్చిన కుర్రాడు అందరి పేర్లూ తెలుసుకోవాలని సరదాగా పెట్టిన ఆట. ఆ పేర్లు కనుక్కోవడానికి నేను ఒక్కో టేబుల్ దగ్గరికీ వెళ్లి నేమ్ ప్లేట్ చదివా, ఆ మనుషులెవరూ లేరు, ఉన్నవాళ్లు కారిడార్‌లో యూనిఫామ్‌లో మూలుగుతూ తిరుగుతున్నారు, వాళ్లలో ఎంతమందిని అప్పటికే కాల్చేశానో. చెల్లి ఏం మాట్లాడలేదు, నేనూ మాట్లాడలేదు. ఒక వైపు తాళం ఎన్-ఈ-డీ, ఇంకో వైపు ఎమ్-ఆర్-జీ. లోపల పిస్టల్‌కి పెద్ద మ్యాగజైన్ ఉంది. పార్టీ గిఫ్ట్ అది.

అదే ఆఫీసులో సేఫ్, ఎడమకి 9, కుడికి 15, ఎడమకి 7. అందులో నడుముకి కట్టుకునే పౌచ్, దాంతో వస్తువులు పెట్టుకునే గడులు రెండు పెరుగుతాయి. మొదట్లో మన దగ్గరుండేవి ఎనిమిది గడులే, గన్, కత్తి, బుల్లెట్లు, మందాకు, తాళంచెవి లాంటివి పెట్టుకుంటూ పోతే త్వరగానే నిండిపోతాయి, కాబట్టి ఈ పౌచ్ వదలొద్దు. రెండో అంతస్తు వెయిటింగ్ రూమ్‌లో ఇంకో సేఫ్, ఎడమకి 6, కుడికి 2, ఎడమకి 11.

విగ్రహాల మెడల్స్ మూడు, ఒక్కో విగ్రహం దగ్గర తాళం మీద బొమ్మలు వరసగా తిప్పితే ఒక్కోటి వస్తుంది, మొదటి రన్‌కి, అంటే మొదటిసారి ఆడేటప్పటికి మాత్రమే ఇవి: సింహం దగ్గర సింహం, కొమ్మ, పక్షి. యూనికార్న్ దగ్గర చేప, తేలు, కుండ. అమ్మాయి విగ్రహం దగ్గర అమ్మాయి, విల్లు, పాము. మూడూ తెచ్చి దేవత విగ్రహానికి పెడితే కిందికి దారి తెరుచుకుంటుంది.

తాళంచెవుల మీద పేకముక్కల గుర్తులుంటాయి, లియాన్‌కి ఇస్పేటు, డైమండ్, కళావరు, క్లెయిర్‌కైతే కళావరు బదులు ఆఠీను. ఒక తాళంచెవితో పని పూర్తిగా అయిపోతే దాని మీద టిక్ మార్క్ వస్తుంది, పారేయొచ్చు. మ్యాప్ ఇంకా బాగుంటుంది, గదిలో ఏదైనా మిగిలుంటే ఎర్రగా, అన్నీ తీసేస్తే నీలంగా చూపిస్తుంది. "అన్నయ్యా, ఆ గది ఇంకా ఎర్రగానే ఉంది, ఏదో వదిలేశావ్" అని చెల్లి అనడం, నేను గోడ మూలలు వెతకడం, సగం గేమ్ ఇలాగే నడిచింది, ఒకసారి అలా వెతికితే డెస్క్ మీద గన్‌పౌడర్ దొరికింది.

గన్‌పౌడర్ లెక్క: మామూలుది రెండు కలిపితే పిస్టల్ బుల్లెట్లు, మామూలుదీ పసుపు రంగుదీ కలిపితే షాట్‌గన్‌వి, పసుపువి రెండు కలిపితే మాగ్నమ్ అనే పెద్ద గన్‌వి. దొరకగానే కలపకుండా పెట్టెలో దాచుకోండి, మాగ్నమ్ వచ్చాక పనికొస్తుంది. మందాకులు: పచ్చాకు ఒక్కటే తింటే కొంచెం నయం, పచ్చాకు ఎర్రాకు కలిపితే పూర్తిగా నయం. నీలం ఆకు విషానికి, మురుగు కాలువల్లో కావాలి.

లిక్కర్ అని ఒకటుంది, మెదడు బయటికి కనిపిస్తూ కప్పు మీద పాకుతుంటుంది, కళ్లు లేవు, చప్పుడు వింటుంది. పరిగెత్తకుండా మెల్లగా నడిస్తే పక్కనుంచే వెళ్లిపోవచ్చు. చెప్పడం తేలిక, అది తలకి అడుగు దూరంలో నాలుక ఆడిస్తుంటే స్టిక్‌ని సగమే నెట్టి పట్టుకోవడానికి నా బొటనవేలు వణికింది, మేమిద్దరం మా గదిలో నిజంగా ఊపిరి బిగబట్టాం.

నాలుగో రాత్రి, కింద మెషినరీ రూమ్‌లో విలియం బర్కిన్, అంబ్రెల్లా సైంటిస్టు, జీ వైరస్ తయారుచేసింది ఇతనే, తనే ఎక్కించుకుని రాక్షసుడిగా మారాడు. భుజం మీద పెద్ద కన్ను, దాన్నే కొట్టాలి. మూడోసారికి అయ్యింది. తర్వాత పార్కింగ్, అక్కడ ఏడా వాంగ్ అనే ఆవిడ, జైల్లో బెన్ అనే జర్నలిస్టు.

ఐదో రాత్రి నుంచి ఆట మారిపోయింది. అప్పటికి స్టేషన్ మొత్తం నాకు మా అమ్మమ్మ వాళ్లిల్లంత తెలుసు, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో, ఏ మెట్ల దగ్గర ఎవడు పడున్నాడో, కిటికీలన్నీ మూసేశా, మ్యాప్ దాదాపు నీలం, భయం పోయింది, ఇది నా స్టేషన్ అనిపించింది. సరిగ్గా అప్పుడు మిస్టర్ ఎక్స్, మనల్ని వెంటాడే భారీ రాక్షసుడు. కూలిన హెలికాప్టర్‌ని ఒక్క చేత్తో పైకెత్తి పక్కకి నెట్టి టోపీ పెట్టుకుని నడుచుకుంటూ వచ్చాడు. పరిగెత్తడు. చావడు. బుల్లెట్లు బాగా కొడితే ఒక మోకాలి మీద కాసేపు కూర్చుంటాడు, మళ్లీ లేస్తాడు. నాకు బాగా తెలిసిన ఇల్లు అప్పుడు వాడిదైపోయింది, ఈ గేమ్ తీసినవాళ్ల గొప్పతనం ఇక్కడే ఉంది, ఇల్లు మొత్తం మనకి నేర్పించి, నేర్చుకున్నాక లాక్కున్నారు. నేను గన్ పేల్చిన ప్రతిసారీ చప్పుడు విని అటే వస్తాడు, కాబట్టి జాంబీని కాల్చాలా వద్దా అనేది ఇప్పుడు బుల్లెట్ల లెక్క మాత్రమే కాదు.

వాడి నుంచి తప్పించుకునే పద్ధతి, ఐదారుసార్లు చచ్చాక తేలింది: హెడ్‌ఫోన్స్ తప్పనిసరి, అడుగుల చప్పుడు బట్టి పైన ఉన్నాడా పక్క గదిలో ఉన్నాడా తెలుస్తుంది. మెయిన్ హాల్లో టైప్‌రైటర్, అంటే ఆట సేవ్ చేసుకునే చోటు, ఉంది కదా అని అక్కడ నిలబడకండి, హాల్లోకి వస్తాడు. డార్క్ రూమ్‌లోకి రాడు, లోపల నిలబడి అడుగులు దూరమయ్యేదాకా ఆగండి. దారి ఇరుకైతే ఫ్లాష్ గ్రెనేడ్. ముఖ్యంగా, గదిలోకి వెళ్లే ముందే ఏం తీసుకోవాలో ఎటు నుంచి బయటికి రావాలో అనుకోండి, లోపలికెళ్లాక ఆలోచించే టైమ్ ఉండదు. క్లాక్ టవర్ గేర్లు పెట్టి ఎలక్ట్రానిక్ పార్ట్ తెచ్చేసరికి రాత్రి ఒంటిగంట అయ్యింది, హెడ్‌ఫోన్స్ తీసేసి స్పీకర్ పెట్టిన పది నిమిషాల్లోనే అమ్మ వచ్చి "పైన ఎవర్రా అలా నడుస్తున్నారు" అని అడిగింది.

ఆ మధ్యలోనే మెయిన్ హాల్లోకి తిరిగొస్తే మార్విన్ లేచి నా మీదకి వచ్చాడు. ఆయన ఇచ్చిన కత్తి నా దగ్గరే ఉంది. ఆయన మీద మూడు బుల్లెట్లే వాడా, ఆ రాత్రి ఇంకేం ఆడలేదు.

ఆరో రాత్రి గన్ షాపు. ఓనరు కెండో, లోపల జబ్బుపడిన అతని చిన్న కూతురు. దాని గురించి రాయను, ఆడినప్పుడు మీరే చూడండి.

మురుగు కాలువలు ఏడో రాత్రి, త్వరగా చెప్పేస్తా, స్టేషన్ అంత బాగోదు. చదరంగం బొమ్మల ఆకారంలో ప్లగ్‌లు ఏరుకోవాలి, నీళ్లలో పెద్ద పెద్ద గడ్డల్లాంటివి విషం ఎక్కిస్తాయి, నీలం ఆకు రెండైనా జేబులో ఉంచుకోండి. సేఫ్ ఎడమకి 2, కుడికి 12, ఎడమకి 8. కంట్రోల్ రూమ్ లాకర్ ఎస్-జెడ్-ఎఫ్. ఫ్లేమ్ త్రోయర్ ఇక్కడ దొరుకుతుంది, ఇంధనం ఇక్కడే ఖర్చు పెట్టేయొద్దు, ఎందుకంటే తర్వాత వచ్చే ల్యాబ్‌లో మనిషి ఆకారంలో మొక్కలుంటాయి, వాటిని బుల్లెట్లతో పడగొట్టినా మళ్లీ లేస్తాయి, కాల్చి బూడిద చేస్తేనే వదులుతాయి. నేను సగం ఇంధనం మురుగులోనే తగలేసి ల్యాబ్‌లో చాలా ఇబ్బంది పడ్డా.

తొమ్మిదో రాత్రి పూర్తయ్యింది. ఆఖర్లో మిస్టర్ ఎక్స్ కోటు కాలిపోయి గోళ్లతో వస్తాడు, పైనుంచి రాకెట్ లాంచర్ పడేదాకా తట్టుకోవాలి, దాచుకున్న మాగ్నమ్ బుల్లెట్లన్నీ అక్కడే పోయాయి, అందుకే దాచమన్నా. మొత్తం టైమ్ 8 గంటల 12 నిమిషాలు, సేవ్‌లు 31. స్టాండర్డ్‌లో ఎస్ ర్యాంక్ కావాలంటే మూడున్నర గంటల్లో ముగించాలి. ఇంకా కష్టమైన హార్డ్‌కోర్ డిఫికల్టీలో అయితే సేవ్ చేయడానికి ఇంక్ రిబ్బన్ ఖర్చవుతుంది, ఆటోసేవ్ ఉండదు, దానికి నాకింకా టైముంది.

కథ ఇక్కడితో పూర్తి కాదు, అసలు ముగింపు చూడాలంటే సెకండ్ రన్ ఆడాలి. నిన్న క్లెయిర్‌తో మొదలుపెట్టా, షాట్‌గన్ బదులు గ్రెనేడ్ లాంచర్ వస్తుంది, మెడల్స్ బొమ్మలన్నీ మారిపోయాయి, మిస్టర్ ఎక్స్ ఇంకా ముందే వచ్చేస్తాడు. చెల్లి కొత్త పేజీ తీసి మ్యాప్ మళ్లీ గీస్తోంది. ఇప్పటికి 22 నిమిషాలు, ఒక సేవ్, పద్నాలుగు బుల్లెట్లు, పచ్చాకు ఒకటి.