ఒక్క ఓడ వెంట ఇరవై ఏళ్ల ప్రపంచ చరిత్ర: నా నోట్స్ పద్ధతి

సివిల్స్‌లో హిస్టరీ ఆప్షనల్ వాళ్లకీ, మెయిన్స్ జీఎస్-1 (జనరల్ స్టడీస్ మొదటి పేపర్) రాసేవాళ్లకీ 1900-1922 మధ్య కాలం ఒక తలనొప్పి. రష్యా-జపాన్ యుద్ధం ఒకచోట, 1905 రష్యా విప్లవం ఇంకోచోట, యుద్ధనౌకలకు పరిమితి పెట్టిన వాషింగ్టన్ ఒప్పందం ఎక్కడో చివర్లో ఉంటాయి. విడివిడిగా బట్టీ పడితే ఒకటి గుర్తున్నప్పుడు ఇంకోటి రాదు. నేను మాత్రం రష్యా యుద్ధనౌక ఓర్యోల్‌ను పట్టుకుని దాని వెంటే వెళ్లాను. నా నోట్స్‌లో ఎక్కువసార్లు తిరగేసిన పేజీ అదే.

సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 1900లో దీని నిర్మాణం మొదలైంది. 1904 మేలో దగ్గర్లోని నౌకాస్థావరం క్రోన్‌స్టాట్‌లో ఇంకా బిగింపు పనులు జరుగుతుండగానే నీళ్లు చొరబడి రేవులోనే అడుక్కి కూర్చుంది. శకునాలు నమ్మేవాళ్లయితే అక్కడే ఆగిపోయేవారు! దాన్ని తేల్చి, అక్టోబర్‌లో అడ్మిరల్ రోజెస్ట్‌వెన్‌స్కీ దళంతో బాల్టిక్ రేవు లిబావు నుంచి జపాన్‌తో యుద్ధానికి పసిఫిక్‌కు పంపారు.

ఈ ప్రయాణాన్ని తప్పకుండా మ్యాప్ మీద గీయండి. ఉత్తర సముద్రంలోని డాగర్ బ్యాంక్ దగ్గర బ్రిటిష్ చేపల పడవలను జపాన్ టార్పెడో పడవలనుకుని కాల్చారు. పెద్ద ఓడలు సూయెజ్ వదిలేసి గుడ్ హోప్ అగ్రం చుట్టి మడగాస్కర్ చేరాయి. 1902 ఆంగ్లో-జపాన్ మైత్రి మనకు పుస్తకంలో ఒక్క వాక్యం. ఓర్యోల్ మీద అది బొగ్గు కష్టం. బ్రిటిష్ రేవులు ఆదుకోవు కాబట్టి జర్మన్ కంపెనీ ఓడల నుంచి బొగ్గు ఎక్కించుకోవాలి. బంకర్లు (బొగ్గు గదులు) నిండాక డెక్ మీదా, మనుషులు ఉండే గదుల్లోనూ పోశారు. తిండిలో, పడకలో అంతా బొగ్గు పొడే. మడగాస్కర్‌లో ఉండగానే చైనా తీరంలోని రష్యా నౌకాస్థావరం పోర్ట్ ఆర్థర్ జపాన్ చేతికి పోయిందనీ, రాజధానిలో జనం మీద కాల్పులు (బ్లడీ సండే) జరిగాయనీ తెలిసింది. రెండూ 1905 జనవరి సంగతులే. యుద్ధానికీ విప్లవానికీ లింకు ఏమిటని అడిగితే ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

జపాన్, కొరియాల మధ్య జలసంధిలో జరిగిన సుషిమా యుద్ధం మే 27న. రష్యా పాత క్యాలెండర్‌లో మే 14. పదమూడు రోజుల తేడా గుర్తుంటే బ్లడీ సండే జనవరి 9నా, 22నా అనే టెన్షన్ ఉండదు. ఓర్యోల్‌తో వచ్చిన అదే తరగతి ఓడలు మూడూ ఆ రోజే మునిగిపోయాయి. మర్నాడు రష్యా అడ్మిరల్ నెబొగాతోవ్ లొంగిపోవడంతో ఓర్యోల్ జపాన్ వశమైంది. మన దగ్గర కాంగ్రెస్‌లో అతివాదుల ఎదుగుదలకు చెప్పే కారణాల్లో జపాన్ గెలుపూ ఒకటి. బెంగాల్ విభజనా అదే ఏడాది.

చాలామంది సుషిమాతో పుస్తకం మూసేస్తారు. నా లెక్కలో మార్కులు రెండో సగంలోనే ఉన్నాయి. జపాన్ దీన్ని బాగుచేసి ఇవామీ అని పేరు మార్చింది. 1914లో చైనాలో జర్మనీ చేతిలోని రేవు చింగ్‌తావ్ ముట్టడిలో వాడింది. 1918 జనవరిలో వ్లాదివొస్తోక్‌కు పంపింది. రష్యా కట్టిన ఓడ జపాన్ జెండాతో రష్యా రేవులో లంగరేసింది! సైబీరియా జోక్యం (రష్యా అంతర్యుద్ధంలో విదేశీ సేనలు దిగడం) గురించి ఇంతకన్నా ఇంట్రో ఏం కావాలి? 1922 వాషింగ్టన్ ఒప్పందంతో దాని పని అయిపోయింది. 1924లో విమానాల బాంబు ప్రాక్టీసులో ముంచేశారు.

ఫిరంగుల సైజులూ, కవచం మందమూ జవాబులో రాయకండి, ఎవరూ అడగరు. 1917 కోసం ఇదే తరగతిలోని స్లావాను చూడండి. సమయానికి తయారుకాక బాల్టిక్‌లోనే ఉండిపోయిన ఆ ఓడను, బోల్షివిక్‌లు అధికారంలోకి రావడానికి కొన్ని వారాల ముందు బాల్టిక్‌లోని మూన్‌సుండ్ జలసంధి దగ్గర సొంతవాళ్లే ముంచుకున్నారు.