పక్షితీర్థంలో శకునం

చెంగల్పట్టు నుంచి మహాబలిపురం వెళ్లే దారిలో తిరుక్కళుకుండ్రం వస్తుంది. మన పెద్దవాళ్లకు మాత్రం అది పక్షితీర్థం. చిన్నప్పుడు తాతయ్యతో వెళ్లి అక్కడి పక్షులను చూశానని అమ్మ ఎన్నోసార్లు చెప్పింది.

కొండకు ఐదు వందలకు పైగా మెట్లు. అమ్మ మోకాళ్ల గురించి టెన్షన్ అంతా నాదే, ఆమె ఆగుతూ ఆగుతూ ఎక్కేసింది. పైన వేదగిరీశ్వరుడి దర్శనం బాగా జరిగింది. తర్వాత ఆ పక్షులు వచ్చి వాలే బండ ఎటువైపో అడిగి తెలుసుకున్నాం.

రోజూ మధ్యాహ్నం పూజారి చక్కెర పొంగలి పెట్టి పిలిస్తే రెండు తెల్ల రాబందులు వచ్చి తినేవట. రామేశ్వరంలో స్నానం, ఇక్కడ భోజనం, రాత్రికి కాశీ అని వాటి గురించి చెప్పుకునేవారు. అవి దిగితే శుభశకునం. రాని రోజున, వచ్చిన జనంలో ఎవరో పాపాత్ములు ఉన్నారనేవారు. ఇంటిమీద వాలితే శాంతి చేయించే పక్షి కోసం ఇక్కడ చేతులు జోడించి ఎదురుచూసేవారు!

నన్ను కదిలించింది ఇదే. సంస్కృతంలో శకునం అంటే మొదట పక్షే. ఋగ్వేదం రెండో మండలం 42వ సూక్తంలో ఋషి పక్షిని 'శకునే' అని పిలిచి, మాకు మంగళకరంగా ఉండమని వేడుకుంటాడు. అడవిలో పక్షులు కాపాడిన పాప కాబట్టి శకుంతల అయింది. పక్షి ఏ దిక్కున కూసింది, ఎటు ఎగిరింది అని చూసి మంచిచెడ్డలు ఎంచేవారు. ఆ సూచనకే శకునమన్న పేరు నిలిచింది. తర్వాత పిల్లి, తుమ్ము, ఎదురొచ్చిన ముత్తయిదువ అన్నీ అందులోకి చేరాయి.

1990ల చివరికల్లా ఇక్కడికి పక్షులు రావడం మానేశాయి. అమ్మ ఆకాశం వైపు చాలాసేపు చూసి, "ఎవరి పాపమో" అంది.

దేశమంతటా రాబందులు కుప్పకూలిన కాలం అది. పశువులకు వాడిన డైక్లోఫెనాక్ మందు కళేబరాల ద్వారా వాటి కిడ్నీలను చంపేసిందని 2004లో తేలింది. 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించారు. దిగుతూ అమ్మకు ఇదంతా చెప్పాను. మన బెజ్జూరు అడవుల్లో పాలరాపు గుట్ట మీద రాబందులు గూళ్లు పెట్టుకున్న సంగతీ చెప్పాను.

"వాటినైనా బతకనిస్తారా?" అని అడిగింది.