సవర బొమ్మ హోటలు గోడెక్కాలంటే

ఒడిశాలో పర్లాకిమిడి, గుణుపురం మీదుగా సవర గిరిజనులుండే పుట్టాసింగి కొండలకి వెళ్ళే ఇంటీరియర్ డిజైనర్లు చాలామంది మొదట అడిగేది ఒకటే: "ఆ వార్లీ బొమ్మలు వేసేది ఇక్కడేనా?" కాదండీ. వార్లీ మహారాష్ట్రలో పాల్ఘర్ వైపుది. అక్కడ మనిషి ఒళ్ళంటే మొనలు కలిపిన రెండు త్రికోణాలు. సవర బొమ్మలో ఒళ్ళు సాగినట్టు ఉంటుంది, కోణాలు అంత పదునుగా ఉండవు. ముందు చట్రం గీసి, అక్కణ్ణుంచి లోపలికి నింపుకుంటూ వస్తారు. గజపతి, రాయగడ జిల్లాల సరుకుని లాబీలో పెట్టి కింద వార్లీ అని రాస్తే, డబ్బు పెట్టి మరీ పరువు పోగొట్టుకున్నట్టే.

సవరలు దీన్ని ఇడితాల్ అంటారు. అది గోడకి సింగారం కాదు, దేవతకో పోయిన పెద్దలకో కట్టిచ్చే ఇల్లు. కాబట్టి ఎవరింట్లోనో ఉన్న బొమ్మని ఫోటో తీసి వాల్‌పేపర్ చేయించడం మొదటి తప్పు. ఏది బయటికి ఇవ్వొచ్చో, ఏది పూజకే ఉండాలో వేసేవాళ్ళనే అడగాలి. సూర్యుడు, చంద్రుడు, ఏనుగులు, గుర్రాలు, నెమళ్ళు, చెట్లు, డప్పులతో నడిచే జనం ఎటూ ఉంటారు. కొత్త బొమ్మల్లో సైకిలూ విమానమూ కూడా వచ్చేశాయి. హోటలుకి ఆ విమానం బాగానే పనికొస్తుంది, కానీ డిజైనర్లు "పాతదనం పోతుంది" అని దాన్నే తీసేయమంటారు!

ఊళ్ళో అయితే ఎర్రమట్టి అలికిన గోడ, నానబెట్టి నూరిన బియ్యప్పిండి, కొస నలగ్గొట్టిన వెదురు పుల్ల. ఇదే పద్ధతి ఏసీ గదిలో ఏడాది నిలవదు. పొడిగాలికి పిండి పెచ్చులు లేస్తుంది, గంజికి చీమలూ పురుగులూ చేరతాయి, హౌస్‌కీపింగ్ వాళ్ళు తడిగుడ్డ పెడితే మిగిలింది కూడా పోతుంది. అందుకని గోడ మీద కాకుండా, 8 మి.మీ. సిమెంటు ఫైబర్ బోర్డు మీద వేయించాలి. నాలుగడుగులకి మూడడుగుల ముక్క అయితే జీపులో పడుతుంది, ఇద్దరు మోయగలరు. రెండు పూతలు ప్రైమరు, ఆపైన సన్నటి గుడ్డలో జల్లించిన ఎర్రమట్టి కలిపిన యాక్రిలిక్ బైండరు (రంగుని పట్టి ఉంచే జిగురు). బైండరు తక్కువైతే ఆరాక వేలికి రంగు అంటుతుంది, ఎక్కువైతే ప్లాస్టిక్ బకెట్‌లా మెరుస్తుంది. ఒక అడుగు ముక్క మీద మూడు పాళ్ళు మార్చి చూసుకుని ఒకటి ఖాయం చేసుకోండి. తెలుపుకి యాక్రిలిక్ తెల్ల రంగే. వెదురు పుల్ల నుంచి తెగకుండా జారేంత పలచన చేయాలి. కుంచె ఇస్తే గీత బొద్దుగా వచ్చి బొమ్మ మారిపోతుంది. పైన మ్యాట్ వార్నిష్ తప్ప ఇంకేదీ వద్దు.

కొలత దగ్గర అందరూ జారతారు. అసలు బొమ్మలో మనిషి రెండు మూడు అంగుళాలు. దాన్ని ఎనిమిదడుగులకి పెంచి వినైల్ మీద కొడితే గీతలు తాళ్ళలా తేలతాయి, మధ్యంతా బోసి. పెంచాల్సింది బొమ్మని కాదు, జనాన్ని. పెద్ద గోడైతే ఎక్కువమందిని వేయించండి. కారిడారులో నేల నుంచి మూడడుగుల దాకా ఏమీ వేయకండి, అది లగేజీ ట్రాలీల రాజ్యం.

కాగితం సంగతి. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బిచ్చి వేయించుకున్న చిత్రానికి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు వేయించుకున్నవాడే. అంటే చిత్రకారుడి నోటిమాట నమ్మకం ఇక్కడ పనిచేయదు. కప్పుల మీదా సంచుల మీదా అచ్చేసుకుంటే చిత్రకారుడికి విడిగా డబ్బివ్వాలని ముందే రాయించాలి. 2024లో లాంజియా సవర (సవరల్లో ఒక శాఖ) చిత్రాలకి జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు వచ్చింది, కాబట్టి ఎక్కడో ప్రింటు కొట్టించిన సరుకుకి ఆ పేరు తగిలించడం ఇప్పుడు చిక్కే. పక్కన పెట్టే చీటీలో వేసినవాళ్ళ పేరు, ఊరు, బొమ్మకి సవర పేరు ఉండాలి. పర్లాకిమిడిలో బడిపంతులుగా పనిచేసిన గిడుగు రామమూర్తి గారు సవర నిఘంటువు కూర్చిన ప్రాంతం ఇది. ఒక్క సవర మాట రాయడానికి బద్ధకించకూడదు.

గుడ్డకొస్తే కొరాపుట్ జిల్లా కొట్‌పాడ్ నేత. తొగరు చెట్టు వేరు బెరడుతో ఎరుపు, అన్నభేది (ఇనుప లవణం) చేరితే నలుపు, గోధుమ. నూలుకి ఆముదం, బూడిద నీళ్ళు, పేడ పట్టించి ఆరబెడుతూ పోవాలి, వానాకాలం ఆ ఆరడమే కష్టం. ఇది సోఫాకి పనికిరాదు, రాపిడికి నూలు లేచిపోతుంది. ఎండ పడే కిటికీకీ వద్దు. ఇనుము చేరిన నల్ల దారం ముందు పెళుసవుతుంది. మంచం మీద అడ్డంగా వేసే పట్టీకి మాత్రం దీనికి సాటి లేదు.

లెక్క వేద్దాం. ఆరడుగుల మంచానికి అటూ ఇటూ అడుగు వేలాడితే ఎనిమిదడుగులు, మడతతో కలిపి రెండున్నర మీటర్లు. గదికి మూడు: ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి అలమారాలో. 40 గదులకి 120 పట్టీలు, 300 మీటర్లు. వెడల్పు బట్ట కొని నిలువునా రెండుగా కోస్తే సగం పడుతుందనిపిస్తుంది. కానీ అంచు రెండు పక్కలే ఉంటుంది, కోసిన వైపు బోడిగా మిగులుతుంది. 20 అంగుళాల వెడల్పే నేయించండి. ఒక అంతస్తుకి సరిపడే నూలంతా ఒకే విడత అద్దకంలో తీయాలి, విడత మారితే ఎరుపు మారుతుంది. మంటలు అంటని మందు పట్టించమని చెయిన్ హోటళ్ళు అడుగుతాయి. అది తొగరు రంగుని మార్చగలదు, జానెడు ముక్క మీద ముందు చూసుకోండి. లాండ్రీకి "చల్లనీళ్ళు, బ్లీచింగ్ వద్దు" అని పట్టీకే కుట్టించండి. చీటీ మీద రాసి పంపితే ఎవరూ చదవరు.

డోక్రా (మైనపు నమూనాతో పోసే లోహపు పోత) పిడులు తలుపులకి బాగుంటాయి. అయితే పోత పోశాక అచ్చు పగలగొడతారు గనక ఏ రెండూ ఒక కొలతకి రావు. మేకు రంధ్రాలు పోతలో అడగకండి, పోశాక విడిగా కొట్టించండి. పర్లాకిమిడి కొమ్ము పనిని దీపాల దగ్గర పెట్టొద్దు, వేడికి వంగుతుంది. దుప్పి కొమ్ము అసలే ముట్టకండి, 1972 వన్యప్రాణి చట్టం ఉంది.

ఆర్డరు జనవరి, ఫిబ్రవరిలో ఇవ్వండి. ఉడుపులూ కోతలూ ఉన్న నెలల్లో బొమ్మలేసే చేతులు పొలంలో ఉంటాయి. సరుకు అందుకునేటప్పుడు మిగిలిన ఎర్రమట్టి రంగుని రెండు కిలోల డబ్బాలో మూత బిగించి, తేదీ రాసి, మెయింటెనెన్స్ గదిలో పెట్టించండి. ఆరు నెలలకి ఒక మూల గీసుకుపోయినప్పుడు ఆ రంగు షాపులో దొరకదు.