సగం కొడిముద్ద

శుక్రవారం. తెల్లారి నాలుగున్నరకే అమ్మ లేపింది. "ఎండెక్కకముందే జొన్నవాడ పోయొద్దాం, లెయ్ మే" అంది. నెల్లూరు నుంచి 12 కిలోమీటర్లే గానీ, శుక్రవారం జనం ఎక్కువని అమ్మకు టెన్షన్.

పెన్నలో నీళ్లు పలచగా ఉన్నాయి. అమ్మ ఒడ్డునే కూర్చుని చెంబుతో నెత్తిన పోసుకుంది. అవతల నరసింహకొండ ఇంకా మసకగానే ఉంది. కశ్యప మహర్షి ఇక్కడ యజ్ఞం చేశాడని, ఆ జన్నవాడే జొన్నవాడ అయిందని మా అవ్వ చెప్పేది. గుడి లోపల కామాక్షితాయి అమ్మవారి ముందున్న శ్రీచక్రం ఆదిశంకరులు ప్రతిష్ఠించిందని అంటారు.

గుళ్లో రాత్రి నిద్ర చేసినవాళ్లు చాపలు చుట్టుకుంటున్నారు. మనసు బాగాలేనివాళ్లను, గాలి సోకిందని ఇంట్లోవాళ్లు భయపడేవాళ్లను ఇక్కడికి తెచ్చి రోజుల తరబడి ఉంచుకుంటారు. ఇరవై ఏళ్ల పిల్లాడొకడు తడిబట్టలతో ప్రదక్షిణ చేస్తున్నాడు. వాళ్లమ్మ వాడి మణికట్టు వదలడం లేదు. "మాత్రలు కూడా ఏపిస్తన్నావా?" అని అడిగింది అమ్మ. "ఏపిస్తన్నానక్కా, మానలేదు" అందామె. నాకు ఆ మాట విన్నాకే మనసు కుదుటపడింది. కామాక్షితాయి మందులు మానమని ఎవరికీ చెప్పదని నా నమ్మకం.

దర్శనం అయ్యాక అమ్మ ఎప్పటిలాగే ధ్వజస్తంభానికి కాస్త ఎడంగా కూర్చుంది. ఎప్పుడొచ్చినా అక్కడే కూర్చుంటుంది. వైశాఖంలో బ్రహ్మోత్సవాలకు ధ్వజారోహణం చేసిన రోజున, పిల్లల్లేని ఆడవాళ్లకు కొడిముద్దలు ప్రసాదంగా ఇస్తారు. తమిళంలో కొడి అంటే జెండా. పెళ్లయిన ఏడేళ్లకు అమ్మ కూడా ఆ ముద్ద కోసం కొంగు పట్టింది. ఏడాది తిరక్కుండా నేను పుట్టాను. అందుకే నా పేరు కామాక్షి. ఇది చిన్నప్పటి నుంచి విన్న కథే.

ఇవాళ మాత్రం ఊరికే అడిగాను, ఇంతసేపు ఎందుకు కూర్చుంటావమ్మా అని.

"ఆ రోజు నా పక్కన ఒకామె నిలబడుండె. ఆమె దాకా వచ్చేసరికి ముద్దలు అయిపోయినాయి. ఆ మొహం చూళ్లేక నా దాంట్లో సగం పెట్టినా."

"పేరైనా అడగలేదా? ఏ ఊరో?"

"ఆమె ఏడస్తానే తింటా ఉండె. ఏమడిగేది మే."

నాకిప్పుడు 34 ఏళ్లు. ఇన్నేళ్లూ ఈ సంగతి నాకే కాదు, నాన్నకు కూడా చెప్పలేదట. పిల్లల్ని చంకనేసుకుని, వేలు పట్టుకుని వస్తున్న పెద్దవాళ్లందరి మొహాల్లోకీ అమ్మ చూస్తోంది. ఆమెకు పిల్లలు పుట్టారో లేదో అమ్మకు ఇప్పటికీ తెలియాలి.

ఎనిమిదైంది. నేను తొమ్మిదిన్నరకల్లా ఆఫీసులో ఉండాలి. అమ్మ గడియారం చూసి లేవబోయింది.

"ఇంకో పది నిమిషాలు కూర్చుందాంలే" అన్నాను.