పాత టర్న్‌టేబుల్ ఎట్టా చూసుకున్నానంటే

మా నెల్లూరోళ్లకి బాలు గారంటే ఇంట్లో మనిషి కదా, నాన్న దాచిన ఆయన ఎల్పీ రికార్డులు బీరువాలో ఊరకే పడుండటం చూడలేక సెకండ్ హ్యాండ్ టర్న్‌టేబుల్, అదే రికార్డులు పాడించే మిషను, ఒకటి తీసుకున్నా. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 మీదే మనసంతా, 1972లో వచ్చిన మోడల్, డీజేలు ఇప్పటికీ వదలరు, కానీ నా బడ్జెట్‌కి అందలా. మోటరు రబ్బరు బెల్టుతో పళ్లేన్ని తిప్పే మామూలు బెల్ట్ డ్రైవ్‌ది తీసుకున్నా, బెల్టు సాగినా మార్చుకోవచ్చు.

అన్నిటికన్నా ముందు చూడాల్సింది టోన్‌ఆర్మ్, అంటే సూదిని పట్టుకునుండే చెయ్యి. వేలితో మెల్లిగా కదిలిస్తే ఎక్కడా పట్టకుండా పోవాల, బేరింగ్ దగ్గర లూజుంటే ఎంత తక్కువకిచ్చినా వదిలేయండబ్బా, బాగుచేసేవాళ్లు మన పక్క దొరకటం కష్టం. తర్వాత సూది. అరిగిన సూది రికార్డు గాడినే పాడుచేస్తది, కాబట్టి కొత్త సూది ఖర్చు కూడా ధరలో కలిపి లెక్కేసుకోండి. పాత సూట్‌కేస్ ప్లేయర్లు ముచ్చటగానే ఉంటాయి గానీ చాలావాటిల్లో సిరామిక్ కార్ట్రిడ్జే (సూది కదలికని కరెంటు సిగ్నలుగా మార్చే ముక్క), రికార్డు మీద బరువు ఎక్కువ మోపుతుంది, మంచి మాగ్నెటిక్‌దానికి 2 గ్రాముల దగ్గర చాలు.

అమెరికా నుంచొచ్చిన సెట్టయితే 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వోల్టేజీ తగ్గించినా, కరెంటు ఫ్రీక్వెన్సీని బట్టి తిరిగే ఏసీ మోటరు మన 50 హెర్ట్జ్‌కి నిదానమైపోద్ది, బాలు గారి గొంతు ఇంకెవరిదోలాగా వినపడుద్ది, వెనకాల ప్లేటు మీద ఏం రాసుందో తప్పకుండా చదవండి. మీ రికార్డే ఒకటి తీసుకెళ్లి ఆఖరి పాట దాకా వినండి, లోపలి గాడుల్లోనే తేడా బాగా తెలుస్తది.

ఒంగోలు, కావలి పక్క ఎవరన్నా కొనాలనుకుంటా ఉంటే చెప్పండి, వచ్చి చూసిపెడతా.