గ్రబ్ చదవగలిగే బూట్ పార్టిషన్: పరీక్షల చిట్టా

అమరిక: వర్చువల్ మెషీన్, 20 జీబీ డిస్క్, యూఈఎఫ్ఐ (కంప్యూటర్ ఫర్మ్‌వేర్), గ్రబ్ 2.06 (లినక్స్ కెర్నల్‌ని లోడ్ చేసే బూట్‌లోడర్). ఫ్యాట్32 ఈఎస్‌పీకి (ఫర్మ్‌వేర్ బూట్‌లోడర్‌ని వెతికే పార్టిషన్) 512 ఎంబీ, బూట్‌కి (కెర్నల్ ఉండే పార్టిషన్) 1 జీబీ, మిగతాదంతా రూట్.

1వ రోజు, ఎక్స్ట్4 (లినక్స్ ఫైల్‌సిస్టమ్). ఈ2ఎఫ్ఎస్‌ప్రోగ్స్ (ఎక్స్ట్4 సాధనాల ప్యాకేజీ) 1.47తో బూట్ పార్టిషన్ ఫార్మాట్ చేస్తే గ్రబ్-ఇన్‌స్టాల్ "అన్‌నోన్ ఫైల్‌సిస్టమ్" అని ఆగిపోయింది. డిస్క్ పాడవలేదు, లైవ్ యూఎస్‌బీ నుంచి చక్కగా మౌంట్ అవుతోంది. చిక్కంతా మెటాడేటా_సీసమ్_సీడ్ అనే ఫీచర్‌తోనే. 1.47 నుంచి అది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది.

ఎక్స్ట్4 ఫీచర్లు మూడు గుంపులు: కంపాట్ (తెలియకపోయినా చదవొచ్చు, రాయొచ్చు), ఆర్‌ఓ_కంపాట్ (తెలియకపోతే చదవడం మాత్రమే), ఇన్‌కంపాట్ (తెలియకపోతే ముట్టుకోకూడదు; మెటాడేటా_సీసమ్_సీడ్ ఇందులోదే). గ్రబ్ ఫైళ్లు చదువుతుందే తప్ప సాధారణంగా రాయదు కాబట్టి మొదటి రెండింటినీ పట్టించుకోదు. ఇన్‌కంపాట్‌లో తెలియని బిట్ ఒక్కటి కనిపించినా పార్టిషన్ మొత్తాన్నీ వదిలేస్తుంది. అందుకే అదే 1.47 తెచ్చిన ఆర్ఫన్_ఫైల్ వల్ల ఇబ్బంది లేదు, అది కంపాట్ గుంపుది.

పరిష్కారం: అన్‌మౌంట్ చేసి ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్, తర్వాత ట్యూన్2ఎఫ్ఎస్ -ఓ ^మెటాడేటా_సీసమ్_సీడ్ (ఓ పెద్ద అక్షరం, ^ అంటే ఆ ఫీచర్‌ని తీసేయమని). మళ్లీ గ్రబ్-ఇన్‌స్టాల్ నడిపితే బూట్ అయింది. గ్రబ్ 2.12 అయితే ఇదేమీ అక్కర్లేదు. డ్యూయల్ బూట్‌లో మాత్రం జాగ్రత్త: మెనూ చూపించేది పాత సిస్టమ్ గ్రబ్ అయితే, కొత్త సిస్టమ్ కెర్నల్‌నీ అదే చదవాలి.

2వ రోజు, ఎక్స్‌ఎఫ్‌ఎస్ (మరో ఫైల్‌సిస్టమ్). ఇది మొండిది. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ప్రోగ్స్ 6.5 నుంచి ఎన్‌రెక్స్ట్64 (ఫైల్ ముక్కల లెక్కకు పెద్ద కౌంటర్లు వాడే ఫీచర్) డిఫాల్ట్, గ్రబ్ 2.06కి అది తెలియదు. ఎక్స్ట్4లోలాగా తర్వాత తీసేసే వీల్లేదు, ఫార్మాట్ చేసేటప్పుడే -ఐ ఎన్‌రెక్స్ట్64=0 ఇవ్వాలి. మరిచిపోతే బ్యాకప్ తీసుకుని మళ్లీ మొదటి నుంచి. బూట్‌కి ఎక్స్‌ఎఫ్‌ఎస్ పెట్టి ఒరిగేదేమీ లేదు, రూట్‌కి ఉంచుకోవడమే మంచిది.

3వ రోజు, బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (ఇంకో ఫైల్‌సిస్టమ్). జెడ్‌స్టాండర్డ్ కంప్రెషన్‌తో కూడా కెర్నల్ లోడ్ అయింది, 2.04 నుంచే ఆ వసతి ఉంది. అయితే గ్రబ్ ఇందులో గ్రబ్‌ఎన్వ్‌ని (తన ఎంపికలు దాచుకునే ఫైల్) రాయలేదు కనుక "స్పార్స్ ఫైల్ నాట్ అలౌడ్" అంటుంది. గ్రబ్_సేవ్‌డిఫాల్ట్ లైను తీసేసి కాన్ఫిగ్ మళ్లీ తయారుచేస్తే ఆ సందేశం పోయింది.

తర్వాతి వంతు లూక్స్2 (డిస్క్ ఎన్‌క్రిప్షన్ పద్ధతి). 2.06కి పీబీకేడీఎఫ్2 (పాస్‌వర్డ్ నుంచి కీ తయారుచేసే పద్ధతి) కీ మాత్రమే అర్థమవుతుంది, లూక్స్ సాధనం క్రిప్ట్‌సెటప్ డిఫాల్ట్ ఆర్గాన్2ఐడీ అనే వేరే పద్ధతి. ముందు లూక్స్‌కన్వర్ట్‌కీతో మార్చి చూడాలి.