ఇద్దరు పట్టే కారు

మా రెండు సీట్ల కారును నిరుడు అమ్మేశాం. 1996 నాటి మాజ్దా మియాటా. 1.8 లీటర్ల ఇంజను, చేత్తో మార్చే గేర్లు, మీట నొక్కితే కళ్లు తెరిచినట్టు పైకి లేచే హెడ్‌లైట్లు. 2011లో కొనేనాటికే దాని వయసు పదిహేనేళ్లు. అమెరికాలో, డెట్రాయిట్ శివార్లలో గేరుబాక్సుల మీద పనిచేసే ఇంజనీరును కనుక పాత బండి అని జంకలేదు. మా అత్తగారు మాత్రం "నలుగురున్న ఇంటికి ఇద్దరు పట్టే బండి ఏమిటమ్మా?" అన్నారు. ఆవిడ మాటలో న్యాయం ఉంది. మనకు బండి అంటే ఇంటిల్లిపాదీ ఎక్కేది. అయినా ఆవిడే ఇక్కడికి దగ్గర్లోని నోవై ఊళ్లో వేంకటేశ్వరస్వామి గుడికి వచ్చి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, దగ్గరుండి పూజ చేయించారు.

పిల్లలిద్దరూ కలిసి ఉన్నచోట తెలుగు నిలవదు. పెద్ద కారు వెనక సీట్లో కూర్చున్నారంటే, నేను తెలుగులో అడిగినదానికి పాప నోరు తెరిచేలోపే బాబు ఇంగ్లీషులో అందుకునేవాడు. ఇక దిగేదాకా అదే భాష. ఇక్కడి పిల్లలకు తెలుగు నేర్పే మనబడి తరగతులు వాళ్లకు అక్షరాలు, పద్యాలు బాగానే నేర్పాయి. కానీ మనసులో మాట తెలుగులో చెప్పాలంటే వినే మనిషి పక్కనే ఉండాలి, మధ్యలో అందుకునేవాళ్లు ఉండకూడదు. మియాటాలో నా పక్కన ఒక్కరికే చోటు.

పన్నెండేళ్ల వరకు పిల్లలను వెనక సీట్లోనే కూర్చోబెట్టాలని ఇక్కడ గట్టిగా చెబుతారు. ఈ కారుకు వెనక సీటే లేదు. అందుకని మా ఇంట్లో పదమూడో పుట్టినరోజంటే మియాటా ఎక్కే రోజు. పైకప్పు దించే ముందు, వెనకున్న ప్లాస్టిక్ కిటికీ జిప్పు తీసి దాన్ని మెత్తగా పరచాలి. మడత పడితే ప్లాస్టిక్ పగులుతుంది. ఆ పని ఎప్పుడూ పిల్లలదే. బాబు మోకాళ్ల మీద వెనక్కి తిరిగి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, అంగుళం అంగుళం జిప్పు లాగేవాడు.

ఆగస్టులో వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాత కార్ల ఊరేగింపు జరుగుతుంది, 1995 నుంచీ. ఆ రద్దీలో ఇంచు ఇంచు కదులుతుండగా, ఒకసారి మా అమ్మాయి అడిగింది: "అమ్మా, నువ్వు ఖమ్మంలోనే ఉండిపోయి ఉంటే నేను ఎలా ఉండేదాన్ని?" సిగ్నల్ మారినా మాటలు ఆగలేదు. ఇంట్లో అయితే ఆ ప్రశ్న వచ్చేదే కాదు. ఎదురెదురుగా కూర్చుంటే బిగుసుకుపోయే వయసది. పక్కపక్కన కూర్చుని, ఇద్దరం ముందున్న రోడ్డునే చూస్తుంటే మాట దానంతట అదే వస్తుంది.

డ్రైవింగ్ కూడా ఇద్దరూ అందులోనే నేర్చుకున్నారు. "క్లచ్ మెల్లగా వదులు నాన్నా, ఇంకా మెల్లగా, ఇప్పుడు ఆక్సిలరేటర్ కొద్దిగా తొక్కు" అని అంతా తెలుగులోనే చెప్పాను. బండి ఆగిపోయినప్పుడల్లా బాబు "మొరాయించింది" అనేవాడు, వాళ్ల నానమ్మ దగ్గర విన్న మాట.

చివరికి ఆ కారును తినేసింది ఉప్పు. డెట్రాయిట్ కింద వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉంది. చలికాలం మంచు కరగడానికి ఇక్కడి రోడ్లన్నీ ఉప్పుమయమే. తలుపుల కింది అంచులు లోపలినుంచి తుప్పు పట్టాయి. వెల్డింగ్ చేసి నిలబెట్టుకునే ఓపికున్న కుర్రవాడికి అమ్మాం. నాకు బాధగానే ఉంది, దాచుకోను.

పిల్లలు ఇప్పుడు వేర్వేరు ఊళ్లలో ఉద్యోగాల్లో ఉన్నారు. ఇద్దరినీ కలిపి వీడియో కాల్ చేస్తే మళ్లీ ఇంగ్లీషే. అందుకే ఆదివారం ఉదయం పాపకు, సాయంత్రం బాబుకు, విడివిడిగా ఫోన్ చేస్తున్నాను.